రష్యా రాజు మీద పడ్డ నింద

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే ప్రశ్న. "చార్మినార్ ఎక్కావా సుగుణా?" ఎక్కలేదు. గోల్కొండ కూడా చూడలేదు. ఉన్నన్నాళ్లూ నాంపల్లికీ ఆబిడ్స్‌కీ మధ్యే తిరిగాం. ఒకసారి రిక్షావాడు కిరాయి పెంచుకుందామని చుట్టు తిప్పి చాదర్‌ఘాట్ వంతెన చూపించాడు. మా దేశాటన అంతే. ప్రయాణం గురించి రాస్తానంటే, మరి ఇంకేం రాస్తావని మా హెడ్మిస్ట్రెస్ నవ్వింది. నేను ఊరు చూడ్డానికి వెళ్లలేదు. మా అమ్మను ఒక మనిషి ఎదుట కూర్చోబెట్టి, ఆవిడ చెప్పాలనుకున్న ఒక్క మాట చెప్పించి తీసుకురావడానికి వెళ్లాను.

సంగతి క్రిస్మస్ రోజుల్లో మొదలైంది. బాపట్ల దగ్గర మా ఊళ్లో జరిగిన సభలకు హైదరాబాదు నుంచి ఒక పాస్టరుగారు వచ్చి మా ఇంట్లో భోజనం చేశారు. నేను హైస్కూల్లో చరిత్ర చెబుతానని తెలిసి, తమ సంఘంలోని ఒక ముసలాయన గురించి సరదాగా చెప్పారు. ఆయన పేరు దావీదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రాలో సైన్యం ఆస్పత్రిలో పనిచేసి వచ్చాడు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక కుర్రకారు ఆయన చుట్టూ చేరతారట. "రష్యా రాజు పడిపోయిండు, నా పెండ్లి ఎగిరిపోయింది" అని ఆయన మొదలుపెడతాడట. నేను పగలబడి నవ్వాను. అమ్మ చారు గరిటె గిన్నెలో వదిలేసింది.

"ఆయనకు ఎడమ చెవి కొస తెగి ఉంటుందా?" అని అడిగింది.

పాస్టరుగారు నోరు వెళ్లబెట్టారు.

ఆయన వెళ్లాక అమ్మ చెప్పింది. దావీదుకూ తనకూ ప్రధానం జరిగిందట. ఉంగరం మార్చుకున్నారట. నాకు నలభై దాటాయి, నాన్న పోయి చాలా ఏళ్లయింది, ఈ మాట మా ఇంట్లో ఏనాడూ వినలేదు.

"ఆయన రష్యా రాజు మీద వేస్తున్నాడు కాని, ఆ పెళ్లి రష్యా వల్ల తప్పలేదే. నేను తప్పించాను. పాపం, ఇన్నేళ్లుగా ఆయన ఇంకేదో అనుకుని బతుకుతున్నాడు. ఆ సంగతి చెప్పి రావాలి" అంది.

"ఇప్పుడెందుకమ్మా? ఆ కథతో ఆయన సుఖంగానే ఉన్నాడుగా."

"నేను లేను" అంది అమ్మ.

ఊళ్లో మాత్రం నుమాయిషు, అదే హైదరాబాదులో ఏటా జరిగే ఎగ్జిబిషను, చూడ్డానికి వెళ్తున్నామని చెప్పాం.

బండిలో

దావీదుకు ఎండు రొయ్యలంటే ప్రాణమట. హైదరాబాదుకు సముద్రం లేదు కదా అని అమ్మ ఒక డబ్బా నిండా పోసి, మూత సరిగా పట్టకపోతే తువ్వాలు చుట్టింది. తువ్వాలు వాసనను ఆపుతుందని మా అమ్మ నమ్మకం.

బెజవాడలో బండి మారాక పెట్టెలో అంతా యుద్ధం కబుర్లే. పాకిస్తానుతో పోరు ఆగి కొన్ని నెలలే అయింది. మా ఎదురుగా ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల వ్యాపారం చేసే ఒక పెద్దాయన కూర్చున్నాడు. తెల్లటి ధోవతి, నుదుట బొట్టు, ఒళ్లో పూరీల పొట్లం.

"మధ్యల చైనా దిగితే ఏమైతుండె? అప్పుడు కథనే వేరే ఉంటుండె" అన్నాడాయన.

నాకు నోరు ఊరుకోదు. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే మొదలుపెట్టాను. మొదటి ప్రపంచ యుద్ధం మూడేళ్లు ఎటూ తెగకుండా సాగితే, ఒకే ఏడాదిలో రెండు సంగతులు జరిగి దాని దారి మారిపోయింది. రష్యాలో జనం తిరగబడి రాజును దించారు, తర్వాత ఆ దేశం యుద్ధం నుంచే తప్పుకుంది. ఇటు అమెరికా కొత్తగా వచ్చి చేరింది. రష్యా పోవడం జర్మనీకి లాభం, అమెరికా రావడం నష్టం. చివరికి నష్టమే ఎక్కువైంది.

"అంటే ఒకడు లేచిపోయిండు, ఆ సందుల ఇంకొకడొచ్చి కూసున్నడు. ఈ రైలు డబ్బాల సీటు లెక్క" అని పెద్దాయన తేల్చేశాడు. నేను అరగంట చెప్పే పాఠం అది. ఆ తర్వాత ముక్కు ఎగబీల్చి, "అమ్మా, గీ వాసన ఏంది?" అని అడిగాడు.

"కాళ్ల నొప్పుల మందు నాయనా" అంది మా అమ్మ. రోజూ బైబిలు చదివే మా అమ్మ!

ఆయన అమ్మ కాళ్లకేసి జాలిగా చూసి, పూరీల పొట్లం తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఖాళీ అయిన సీటులోకి క్షణంలో ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు. మా అదృష్టం, ఆయనకు జలుబు.

నాంపల్లి

స్టేషనుకు ఎదురుగా ఉన్న లాడ్జీలో దిగాం. అది శాకాహారుల లాడ్జీ అని బోర్డు మీద రాసి ఉంది, మేం చదవలేదు. గుమాస్తా తరతరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న కుటుంబంవాడట. తెలుగు మొదలుపెట్టి ఉర్దూలో ముగిస్తాడు. మర్యాద మాత్రం మా వైపు పెళ్లిళ్లలో కూడా అంత కనిపించదు. "ఆయియే అమ్మా, తష్రీఫ్ ఉంచుండ్రి" అని కుర్చీ తుడిచి మరీ వేశాడు. మా వైపు లాడ్జీలో అయితే "ఎన్నాళ్లు?" అని అడిగి తాళంచెవి విసిరేస్తారు.

మేం దిగిన గది కిటికీ అద్దాలకు యుద్ధం రోజుల్లో వెలుగు బయటికి పోకుండా అంటించిన నల్ల కాగితాలు ఇంకా సగం సగం ఉన్నాయి. ఊడబీకే ఓపిక ఎవరికీ లేదు కాబోలు. స్నానాలు చేసి తయారయ్యాక, "పదమ్మా, పాస్టరుగారు చెప్పిన సందు స్టేషను వెనకే" అన్నాను.

అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. జుట్టు మళ్లీ దువ్వుకుంది. "రేపు వెళ్దాం. ఇవాళ ప్రయాణం బడలిక" అంది.

అంతదూరం నన్ను లాక్కొచ్చి ఈ మాట! ఒళ్లు మండింది. కాని ఆవిడ దువ్వుకున్న జుట్టే విప్పి ఇంకోసారి దువ్వుకోవడం చూశాక నేనూ చెప్పులు విప్పేశాను.

ఆబిడ్స్

సరే, ఆ పూట ఆబిడ్స్ వెళ్లాం. రిక్షావాడు ముప్పావలా అడిగి అర్ధరూపాయికి వచ్చాడు, అదీ ఎక్కువేనని తర్వాత తెలిసింది. ఆబిడ్స్ గురించి చెప్పాలంటే అది కొనేవాళ్ల ఊరు కాదు, చూసేవాళ్ల ఊరు. పెద్ద పెద్ద గాజు కిటికీల వెనక చీరలు కట్టుకున్న బొమ్మలు, బయట నిలబడి వాటిని చూసే మనుషులు. బేరం ఆడదామంటే "ఒకే ధర" అని బోర్డు. మా అమ్మ ఆ బోర్డును పట్టించుకోకుండా ఒక జేబురుమాలును సగం ధరకు అడిగింది. కొట్టువాడు నవ్వి, "అమ్మా, మీరు దూరం నుంచి వచ్చిన్రు గద" అన్నాడు. ఇవ్వలేదు.

మా స్కూలుకు ఐరోపా పటం ఒకటి కావాలి. ఉన్నది చెదలు తిని జర్మనీ మొత్తం పోయింది. ఒక పుస్తకాల షాపులో గోడకు పెద్ద ప్రపంచ పటం వేలాడుతోంది. దాని ధర విని నేను వెనక్కి తగ్గుతుంటే అమ్మ ముందుకు వెళ్లి, "బస్రా ఎక్కడే?" అని అడిగింది. చూపించాను. "మన ఊరు?" అదీ చూపించాను, అంటే సముద్రం ఒడ్డున ఒక చోట వేలు పెట్టాను. అమ్మ తన జానను ఆ రెండింటి మధ్య ఆనించింది. జాన ఇంకా మిగిలింది.

"ఇంతేనా!" అంది. షాపువాడు ఆవిడను ఆపలేదు. చాలాసేపు అలాగే నిలబడింది.

చాయ్ తాగుదామని మూలమీది ఇరానీ హోటలుకు వెళ్లాం. ఆడవాళ్లకు లోపల పరదా కట్టిన చిన్న గదులున్నాయి. మా వైపు ఈ ఏర్పాటు లేదు. ఆడవాళ్లు హోటలుకే వెళ్లరు, ఇంక పరదా ఎందుకు? అమ్మ పరదా పక్కకు లాగి కట్టేసింది. "దాక్కుని తాగడానికి మనమేం తప్పు చేశాం?" అంది. అని, తానే తల వంచుకుంది. ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్లు బాగున్నాయి. చాయ్ చిక్కగా, కాస్త అతిగా తియ్యగా ఉంది. పక్క బల్ల దగ్గర ఒకాయన చాయ్‌ను సాసరులో పోసుకుని, ఊది, కళ్లు మూసుకుని తాగుతున్నాడు. మా ఊళ్లో అలా తాగితే ఇంట్లోవాళ్లు కసురుతారు.

నుమాయిషు

మర్నాడు కూడా అమ్మ "రేపు" అంది. పట్టుబట్టలేదు నేను. ఊళ్లో చెప్పిన అబద్ధం నిజం చేద్దామని నుమాయిషుకు తీసుకెళ్లాను. నాంపల్లిలోనే పెద్ద మైదానం. కాశ్మీరు శాలువలు, లక్నో కుట్టుపని, మొరాదాబాదు ఇత్తడి, ఎక్కడెక్కడివో అన్నీ ఒకచోట పోశారు. అద్దాలు తాపిన గాజుల కోసం తోసుకుంటున్న జనంలో నేను ఒక్క నిమిషం నిలబడి తిరిగి చూసేసరికి అమ్మ లేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. శాలువల వైపు పరుగెత్తాను, గుండ్రంగా తిరిగే పెద్ద చక్రం దాకా వెళ్లాను. అంతలో మైకులో ముందు ఉర్దూలో, తర్వాత తెలుగులో వినిపించింది. "బాపట్ల నుంచి వచ్చిన కరుణమ్మగారు ఆఫీసు దగ్గర ఉన్నారు. వారి బిడ్డ సుగుణమ్మగారు ఎక్కడున్నా రావలసింది." మళ్లీ మళ్లీ చదివారు. జనమంతా నా మొహమే చూస్తున్నట్టనిపించింది.

వెళ్లేసరికి అమ్మ కుర్చీలో కూర్చుని వాళ్లిచ్చిన చాయ్ సాసరులో పోసుకుని తాగుతోంది. తప్పిపోయింది ఆవిడ, ఏడుస్తున్నది నేను.

"మైకులో నా పేరు చదివారే. గుడిలో పెళ్లి ప్రకటన చదివినట్టే ఉంది" అంది. ఆ మాట అన్నాక ఆవిడకు నోరు తెరుచుకుంది. బయటికొచ్చి మిర్చి బజ్జీలు కొనుక్కుని ఒక బెంచీ మీద కూర్చున్నాం. కథంతా అక్కడ చెప్పింది.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా క్రైస్తవుల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని. దావీదు ప్రధానం అయ్యాక బస్రా వెళ్లాడు. ఆ రోజుల్లో మా వాళ్లకు యుద్ధం వార్తలు తెలిసేది గుడిలోనే. ప్రసంగం ముగిశాక మిషన్ దొరగారు పత్రిక చూసి చెప్పేవారు. ఆయనది అమెరికా. తమ దేశం కూడా యుద్ధంలో దిగిందని చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారట. ఇక అయిపోయినట్టే అన్నారట. ఆ మాట పట్టుకుని మా తాతయ్య వచ్చే ఆదివారమే మొదటి ప్రకటన చదివించేశాడు. దావీదు రాలేదు. ఆ ఏటి క్రిస్మస్‌కు రష్యా యుద్ధం చాలించిందని వార్త. ఒకళ్లు చాలించారంటే అందరూ చాలించినట్టే అనుకున్నారు మా వాళ్లు. గంటలు కొట్టారు, కృతజ్ఞతా ఆరాధన పెట్టారు, కానుకగా కోడిపుంజులు తెచ్చి గుడి వాకిట్లో కట్టేశారు. ఆ ఊపులో రెండో ప్రకటన కూడా చదివేశారు.

చరిత్ర చెప్పేదాన్ని కనుక నాకు నవ్వొచ్చింది. అమెరికా దిగిన మాట నిజమే కాని, వాళ్ల సైన్యం వచ్చి గట్టిగా నిలబడడానికి ఏడాది పట్టింది. రష్యా చాలించాక యుద్ధం తగ్గలేదు, జర్మనీకి ఒక పక్క చెయ్యి ఖాళీ అయి రెండో పక్క ఇంకా గట్టిగా కొట్టింది. మా ఊరి సంఘం ఈ రెంటినీ పెళ్లి ముహూర్తాలుగా తీసుకుంది.

"మరి మూడోది?" అన్నాను.

"పెళ్లికొడుకు వచ్చాకే అన్నారు మా పాస్టరు అయ్యగారు."

"ఈలోపు నాన్న వచ్చాడా?"

"ఈలోపు కాదు. ఆ రెండో ప్రకటన రోజే. స్కూలుకు కొత్తగా వచ్చిన మాస్టరు వాక్యం చదవడానికి లేచాడు. సగం చదివి కళ్లజోడు జారిపోతే పట్టుకుని, ఎక్కడ ఆపాడో మర్చిపోయాడు. నాకు నవ్వు ఆగలేదు. తర్వాత అయ్యగారు నా పేరూ దావీదు పేరూ చదువుతుంటే నేను ఆ కళ్లజోడువైపే చూస్తున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అన్నారు." అమ్మ బజ్జీ తొడిమ చేతిలో తిప్పుతూ ఉంది. "నాకే ఉంది. నేనేమో చెప్పకూడదాయె."

వానాకాలంలో ఆవిడే తాతయ్యతో చెప్పింది. తాతయ్య కొట్టాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఊళ్లో మాత్రం దావీదు బతికున్నాడో లేడో తెలియదు కనుక అని చెప్పుకున్నారు. నాన్న కళ్లజోడు చివరిదాకా జారుతూనే ఉండేది. నాకు ఆ క్షణంలో నాన్న మీద ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. ఆ వెంటనే బస్రాలో ఉన్న మనిషి గుర్తొచ్చి గుండె కలుక్కుమంది.

లాడ్జీకి తిరిగొచ్చేసరికి గుమాస్తా మెట్ల మీదే నిలబడి ఉన్నాడు. "అమ్మా, గుస్సా చేయకుండ్రి. మీ కమ్రాలకెళ్లి ఏందో వాసన వస్తున్నది. అందరు పిర్యాదు చేస్తున్రు. మా మాలిక్ జూస్తే నా నౌక్రి పోతది." చేతులు జోడించి మరీ చెప్పాడు. డబ్బా అయినా పోవాలి, మేమైనా పోవాలి.

"తెల్లవారగానే ఆ డబ్బా ఎక్కడికి చేరాలో అక్కడికి చేరుతుంది" అని నేను అమ్మ తరఫున మాటిచ్చేశాను. అమ్మ కాదనలేదు.

స్టేషను వెనక సందు

రెండు గదుల కిరాయి ఇల్లు. వాకిట్లో పీట మీద ఒక పొడుగాటి ముసలాయన చేట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. మా ఊళ్లో మగవాళ్లు చేట ముట్టుకోరు. ఎడమ చెవి కొస లేదు. మేం వాకిలి దాటకముందే తలెత్తాడు.

"కరుణ" అన్నాడు. అడిగినట్టు కాదు, చూసి చెప్పినట్టు.

"వందనాలండీ" అంది అమ్మ. లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది. రత్నమ్మగారిది మెదక్ వైపు. పొట్టిగా, చురుగ్గా, మాటకు ముందే చెయ్యి ఆడించే మనిషి. ఎవరని అడిగి, విని, నడుం మీద చెయ్యి పెట్టుకుని అమ్మను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా అక్కా ఆ పిల్లవు! నలభై ఏండ్ల సంది నేను రష్యాతోని కాపురం జేస్తున్న. కూసో, కూసో. బిడ్డా, నువ్వు గూడ కూసో." అని డబ్బా అందుకుని మూత తీసి, "అమ్మో, ఏం వాసన!" అని వంటింట్లోకి పట్టుకుపోయింది.

దావీదుగారు పూర్తిగా హైదరాబాదు మనిషైపోయాడు. మాట కూడా. వచ్చిన కొత్తలో దవాఖానలో కాంపౌండరుగా చేరి అక్కడే పింఛను తీసుకున్నాడట. మాటలు కదలడం లేదని నేనే బస్రా గురించి అడిగాను. అలవాటైన కథ కాబట్టి గడగడా చెప్పాడు.

"బస్రా రేవు ఘాటు మీద పెట్టె పక్కకు పెట్టుకొని నిలబడ్డ బిడ్డా. జహాజు గాడనే ఉన్నది. నా సెలవు మంజూరైంది. గంతల సార్జంటొచ్చి పేర్లు సదివిండు. ఈ పేర్లోళ్లు ఇంటికి కాదు, ఈరాన్ కొండలకు పోవాలె అన్నడు. ఆ కొండలల్ల రష్యావోళ్లు మన దిక్కు కొట్లాడుతుండ్రి. వాళ్ల రాజు పడిపోయినంక, మాకేం యుద్ధమని తుపాకులు అమ్ముకొని ఇండ్లకు పోయిన్రు. ఆ జాగ ఖాళీ అయింది. గా ఖాళీల మమ్ముల పెట్టిన్రు. ఒక రాజు పడిపోతే నాకేమైతదని అనుకున్న. జహాజు నన్ను ఇడిచిపెట్టి పోయింది."

"అమెరికావాళ్లు కనిపించారా?" అన్నాను.

"ఒక్కడు గూడ రాలె. వాళ్లొచ్చినంకనే యుద్ధం తెగిందంటరు. తెగిందేమో గాని, మాకాడ తెగలె." 

వాళ్లు వచ్చి నిలబడింది ఫ్రాన్సులో అని నేను చెప్పాను. "అచ్ఛా, గందుకా!" అని తల ఊపాడు. 

వంటింట్లో నూనె చిటపటలాడుతోంది. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది. చెప్పకుండా లేచిపోతే బాగుండునని ఒకపక్క, చెప్పేస్తే బాగుండునని ఒకపక్క.

"ఏవండీ, ఒక మాట చెబుదామని వచ్చాను" అంది అమ్మ. "మీరు రాలేదని నేను ఆ పెళ్లి మానలేదు. మీరు ఆ జహాజు ఎక్కి వచ్చినా మానేదాన్నే. స్కూలుకు వచ్చిన మాస్టరు నాకు నచ్చాడు. మా నాన్నతో నేనే చెప్పాను. ఊళ్లో మాత్రం మీరు రాలేదనే చెప్పుకున్నాం. రష్యా చేసిందేం లేదు. నేనే."

దావీదుగారు చేటలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టాడు.

"నాకెరుకే" అన్నాడు.

అమ్మ తలెత్తింది.

"నేను ఇంటికొచ్చిన దినమే మా అమ్మ చెప్పింది. పిల్లకు మాస్టరు నచ్చిండట అని. మీ నాయిన నిన్ను కొట్టిన సంగతి గూడ చెప్పింది."

"మరి రష్యా అని ఎందుకు చెప్పారు?" అని అడిగింది అమ్మ.

"మరి ఏం చెప్పాలె? గుడిల రెండుసార్లు పేరు సదివినంక పిల్లనే కాదన్నదంటే మనోళ్లు నిన్ను బతకనిస్తుండెనా? మాస్టరు నౌక్రి ఉంటుండెనా? ఇంటింటికి పోయి చెప్పిన, నేనే రాలేకపోయిన, రష్యా రాజు పడిపోయిండు, గందుకని. అబద్ధం గూడ కాదు. జర అటుజేసి ఇటుజేసిన అంతే. ఊర్ల ఉంటే రోజు ఎవరో ఒకరు అడుగుతుండ్రి. గందుకే ఈడికొచ్చిన." చేట కింద పెట్టాడు. "ఆ రాజు ఎట్లాగు పడిపోయె. మీదికెళ్లి నా నింద ఒకటి మోస్తే ఆయనకేం బరువు?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవడం నేను చూడలేదు. నాకూ ఆగలేదు.

వంటింటి గడపలో రత్నమ్మగారు గరిటెతో నిలబడి ఉంది. మొహం ఎర్రబడింది.

"నాకు గూడ రష్యా అనే చెప్తివి గద! కట్టుకున్నదానికి గూడ!"

"నీకు చెప్తే నువ్వు ఈమెను తిడుతుంటివి" అన్నాడాయన.

రత్నమ్మగారు ఒక్క క్షణం ఆలోచించింది. "ఔ, తిడుతుంటి" అని ఒప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపు గిన్నెలు గట్టిగా చప్పుడు చేశాయి. తర్వాత రొయ్యల వేపుడు, జొన్నరొట్టె తెచ్చి నలుగురికీ పెట్టింది. రొయ్యలతో జొన్నరొట్టె మా వైపు ఎవరూ తినరు. మేం అన్నంలోకే. ఇక్కడ చెప్పక తప్పదు, రొట్టెతోనే బాగుంది. దావీదుగారు మొదటి ముద్ద పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "మన సముద్రం" అన్నాడు. కారం ఎక్కువైందని కళ్లు తుడుచుకున్నాడు.

బయల్దేరేటప్పుడు అమ్మ వాకిట్లో ఆగింది. "ఇప్పుడు నాకు ఊరి భయం లేదండీ. మాస్టరూ లేడు, ఆయన ఉద్యోగమూ లేదు. ఆ రాజును ఇక వదిలెయ్యండి" అంది. ఆయన చేట అందుకుని మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు.

ఆదివారం

తిరుగు ప్రయాణం సాయంత్రం. పొద్దున వాళ్ల గుడికే వెళ్లాం. చిన్న గుడి, కుడిపక్క ఆడవాళ్లు, ఎడమపక్క మగవాళ్లు. పాటలు మావే కాని రాగాలు వేరే. నేను ప్రతి చరణంలోనూ ఒక అడుగు ముందే ఆగిపోయాను. పక్కనున్న పిల్ల జాలిపడి తన పుస్తకం చూపించింది. ఆ రోజు ఎవరిదో పెళ్లి ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అనగానే అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద పాటల బృందం కుర్రవాళ్లు దావీదుగారి చుట్టూ చేరారు. మా ఇంట్లో భోంచేసిన పాస్టరుగారు మమ్మల్ని కూడా అక్కడికే తీసుకొచ్చారు.

"తాతా, రష్యా కథ చెప్పు. ఈ అమ్మలు ఊరికెల్లి వచ్చిన్రు గద, వాళ్లు గూడ వింటరు" అన్నాడు ఒక కుర్రవాడు.

దావీదుగారు గొంతు సవరించుకున్నాడు. "రష్యా రాజు పడిపోయిండు..." అని, ఆగిపోయాడు. చేతిలో టోపీ అటూ ఇటూ తిప్పాడు. 

"పడిపోయిండు, నీ పెండ్లి ఎగిరిపోయింది" అని కుర్రవాళ్లే అందించారు.

అమ్మ నా చెయ్యి వదిలి ముందుకు వెళ్లింది. "పెళ్లి ఎగిరిపోలేదు నాయనా. నేనే వద్దన్నాను. నాకు ఇంకొకాయన నచ్చాడు. నా మీదికి మాట రాకూడదని ఈయన ఇన్నేళ్లూ రష్యా పేరు చెప్పాడు" అంది. గట్టిగానే చెప్పింది, పాస్టరుగారికి కూడా వినబడేట్టు.

ఒక్కరూ నవ్వలేదు. ఆడవాళ్లలో ఎవరో ముక్కున వేలేసుకున్నారు. అప్పుడు రత్నమ్మగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి అమ్మ పక్కన నిలబడింది.

"మంచి పని జేసినవక్కా! నువ్వు వద్దనకుంటే నాకీ ముసలోడు యాడ దొరుకుతుండె?"

అప్పుడు నవ్వారు అందరూ. కథ అడిగిన కుర్రవాడికి మాత్రం మనసు ఒప్పలేదు.

"అయితే తాతా, ఆ రష్యా రాజు?"

దావీదుగారు టోపీ పెట్టుకున్నాడు. అమ్మకేసి చూశాడు.

"ఆయన తప్పేం లేదంట బిడ్డా" అన్నాడు. "ఇయ్యాల ఇడిచిపెట్టిన."